చలి పొద్దున మొరాయించే పాత కార్లు: ఎండాకాలం చేసిన వైద్యమే కారణం

ధనుర్మాసం వచ్చిందంటే కర్నూలు, కడప పల్లెల్లో పాత కారు ఉన్న ఇంటికి తెల్లవారుజామున తిప్పలు మొదలవుతాయి. కోడికూత వేళ సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుందే కాని అంటుకోదు. అంటుకున్నా నాలుగు తుమ్ములు తుమ్మి ఆగిపోతుంది. చోకు లాగితే నల్లపొగ, మూస్తే మూలుగు. కాన్పు నొప్పులు పడుతున్న మనిషిని పెద్దాసుపత్రికి చేర్చాలన్నా, మబ్బులోనే ఆదోని మార్కెట్టుకు బయలుదేరాలన్నా, పెళ్లివారిని ముహూర్తానికి దించాలన్నా ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి కారును తోయక తప్పదు. "నిన్న సాయంత్రం బాగుండె కదప్పా" అన్నది ప్రతి యజమాని మేస్త్రీతో అనే మొదటి మాట. అది అబద్ధం కూడా కాదు. సాయంత్రం బాగానే ఉంటుంది.

విచిత్రమేమంటే ఇది మంచు కురిసే సీమ కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజాము చలి పదహారు, పదిహేడు డిగ్రీలు. మరీ చలిగాలి వీచిన నాడు ఇంకొంచెం తగ్గుతుంది. ఈ కార్ల పుట్టుక చూస్తే అంబాసిడర్ ఇంజను ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది, ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్‌ది, మారుతి 800 జపాన్ సుజుకీది. సున్నా డిగ్రీల చలిలో, మంచు పేరుకున్న వీధుల్లో స్టార్టు కావడానికి తయారైన ఇంజన్లు ఇవి. అలాంటివి నంద్యాలలో, ప్రొద్దుటూరులో పదహారు డిగ్రీలకే ఎందుకు మొరాయిస్తున్నాయి?

కార్బరేటరు పాడైందని, జెట్లు మార్చాలని, కొత్తది వేయాలని చాలామంది అనుకుంటారు. చాలా కార్లలో జబ్బు అక్కడ లేదు. మార్చి నుంచి జూన్ దాకా ఎండలకు తాళలేక ఆ కారుకు చేయించిన వైద్యంలో ఉంది.

కర్నూలు, నంద్యాల, కడప వేసవిలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు దాటే ఊళ్లు. ఆ ఎండలో రేడియేటరు మరుగుతుంది. పెట్రోలు ముప్పై అయిదు, నలభై డిగ్రీల దగ్గర నుంచే ఆవిరి కావడం మొదలుపెడుతుంది కనుక పంపులో, పైపులో గాలిబుడగలు కట్టి కారు నడిరోడ్డున ఆగుతుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టని డ్రైవరు సీమలో ఉండడు. ఆ బాధలో మేస్త్రీ దగ్గరికి పోతే ఆయన తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేస్తాడు. థర్మోస్టాట్ పీకేస్తాడు. ఇంజను వేడిగాలిని ఎయిర్ క్లీనరుకు చేర్చే గొట్టం తీసేస్తాడు. చోకు వైరు పట్టేసి ఉంటే "మన ఎండలకు చోకెందుకు" అని ఊడదీసి చుట్టకట్టి పెడతాడు. మరికొందరు చిక్కటి ఇంజనాయిలు పోయిస్తారు. ఆ పూటకు కారు నడుస్తుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక ఆ సంగతి అందరూ మరిచిపోతారు. తీసినవి తిరిగి పెట్టేవాడు ఉండడు. డిసెంబరులో చలి తగలగానే లెక్క తేలుతుంది.

ఏ కార్లకు ఈ తంటా

1958లో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్లలో పాత పెట్రోలు బండ్లు, ఫియట్, పద్మిని కార్లు, మహీంద్రా పెట్రోలు జీపులు, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో పాత రకాలు, వాటి తోబుట్టువైన మారుతి వ్యాను, ఇవన్నీ కార్బరేటరు బండ్లే. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి వచ్చిన కొత్త కార్లలో పెట్రోలును కొలిచి చిమ్మే పని కంప్యూటరుది. వాటికి ఈ వ్యాసంతో పని లేదు. డీజిల్ అంబాసిడర్లకు కార్బరేటరే ఉండదు. వాటి చలిజబ్బు వేరు.

కార్బరేటరు చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ఇంజను పీల్చే గాలిలో పెట్రోలును తుంపరగా కలపడం. తూకంలో ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్లు గాలి కలిస్తే మంట సరిగా అంటుకుంటుంది. అయితే మండేది పెట్రోలు ఆవిరి మాత్రమే, తుంపర కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తుంపరలో చాలాభాగం ఆవిరి కాకుండా గొట్టాల గోడలకు నీటిచెమ్మలా అంటుకుపోతుంది. పదిహేను పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు పంపినా సిలిండరుకు చేరేది సగమో, పావో. అందుకే చల్లని ఇంజనుకు మొదటి నిమిషాల్లో పెట్రోలు ఎక్కువ కావాలి. ఆ ఎక్కువ ఇచ్చేది చోకు. ఆ చల్లదనాన్ని తొందరగా పోగొట్టేది థర్మోస్టాట్, వేడిగాలి గొట్టం. ఈ మూడింటినీ వేసవిలో తీసేసి, చలికాలంలో కార్బరేటరును తిట్టడం న్యాయం కాదు.

థర్మోస్టాట్ లేని ఇంజను

ఇంజను తల మీద నీళ్లు బయటికొచ్చే చోట కూర్చునే చిన్న ఇత్తడి మూత థర్మోస్టాట్. నీళ్లు ఎనభై డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా మూసుకుని ఉంటుంది. అందువల్ల ఇంజనులోని నీళ్లు రేడియేటరుకు పోకుండా లోపలే తిరిగి తొందరగా వేడెక్కుతాయి. ఆ వేడి అందాక మూత తెరుచుకుంటుంది. దాన్ని పీకేస్తే మొదటి నిమిషం నుంచే నీళ్లన్నీ రేడియేటరులో చల్లారుతూ తిరుగుతాయి. ఎండాకాలం అది మేలే అనిపిస్తుంది. చలిపొద్దున పది మైళ్లు పోయినా వేడి ముల్లు కదలదు. డ్రైవరు చోకు మూయలేడు. మూస్తే పికప్పు ఉండదు, గేరు మార్చినప్పుడల్లా కుదుపు, ఎక్కుడులో ఇంజను ఆగిపోతుంది.

కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ మీద మలుపు తిరుగుతూ, వెనక లారీ హారను కొడుతుండగా ఇంజను ఆగిపోతే అది చిన్న ఇబ్బంది కాదు. పాలకోవా అంగళ్ల దగ్గర నిలిపిన కారు మళ్లీ స్టార్టు కాకపోతే కనీసం కోవా తినవచ్చు, మలుపులో ఆగితే ఆ సుఖం కూడా లేదు.

చోకు తెరిచి గంటసేపు నడిపితే నష్టం పెట్రోలు ఖర్చుతో పోదు. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేసి కిందికి జారుతుంది. రింగులు, బోరు పొడిగా రాపిడి అవుతాయి. కొలకర్ర బయటికి తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తుంది. ఆయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపిస్తుంది. "ఆయిలు తినడం లేదు, ఇంజను బాగుంది" అని మురిసిపోయే యజమానులూ ఉన్నారు. రెండు చలికాలాలు ఇట్లా తిరిగితే బోరు పనికి లేతుకు పోవాల్సి వస్తుంది.

థర్మోస్టాట్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంజను విప్పక్కరలేదు. చల్లని ఇంజను స్టార్టు చేసి, ఫ్యాను రెక్కకు చెయ్యి తగలకుండా చూసుకుని, రేడియేటరు పైగొట్టం మీద చెయ్యి పెట్టాలి. థర్మోస్టాట్ ఉంటే కొన్ని నిమిషాలదాకా గొట్టం చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేకపోతే మొదటినుంచీ నెమ్మదిగా గోరువెచ్చనవుతూ పోతుంది. ఇంజను నడుస్తుండగా పైటకొంగు, తువ్వాలు, చొక్కా చేతులు ఫ్యాను బెల్టు దగ్గరికి రానివ్వరాదు.

రేడియేటరు ముందు అట్టముక్కో, గోనెపట్టానో కట్టి చలి కాచే పద్ధతి లారీ డ్రైవర్ల నుంచి వచ్చింది. థర్మోస్టాట్ లేని కారుకు ఒక పూటకు అది పనికొస్తుంది. పొద్దెక్కాక తీయడం మరిచిపోయి పదకొండు గంటలకు నీళ్లు మరిగించుకున్నవాళ్లు కూడా ఉన్నందున సగం కంటే ఎక్కువ కప్పకుండా ఉండడం మేలు.

చోకు రెండు రకాలు

చోకు వాడకంలో పెద్ద గందరగోళం ఒకటుంది. ఒక కారు మీద నేర్చుకున్న అలవాటు ఇంకో కారుకు పనికిరాదు. కొన్ని కార్బరేటర్లలో గాలి వచ్చే నోటికి అడ్డంగా తిరిగే పలక ఉంటుంది. పిడి లాగితే పలక మూసుకుని, గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువ పీలుస్తుంది. ఈ రకానికి సెల్ఫ్ కొట్టేముందు ఎక్సలేటరు ఒకటి రెండుసార్లు తొక్కి వదలడం మంచిది. లోపలి చిన్న పంపు నాలుగు చుక్కలు చిమ్ముతుంది.

సోలెక్స్ రకాల్లో కొన్నిటికి పలక ఉండదు. పక్కన వేరే చిన్నదారి, దానికి తిరిగే బిళ్ళ ఉంటాయి. పిడి లాగితే ఆ దారి తెరుచుకుని, ఇంజను పీల్చే బలానికి చిక్కటి మిశ్రమం లోపలికి వస్తుంది. ఆ పీల్పు రావాలంటే ఎక్సలేటరు మీద కాలు పెట్టకూడదు. కాలు పెడితే పెద్దదారి తెరుచుకుని పీల్పు పోతుంది, చోకు పనిచేయదు. పలక ఉన్న కారు నడిపిన అలవాటుతో ఇలాంటి కారు ఎక్సలేటరును దబదబా తొక్కి, "చోకు పోయింది" అని తీర్పు చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. తమ కారుది ఏ రకమో ఎయిర్ క్లీనరు మూత తీసి, ఒకరు పిడి లాగుతుండగా ఇంకొకరు చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. నోట్లో పలక కదిలితే మొదటి రకం. ఏమీ కదలక, పక్కన చిన్న మీట మాత్రమే తిరిగితే రెండోది.

అదే సమయంలో వైరు చివరిదాకా పోతున్నదీ లేనిదీ చూసుకోవాలి. పిడి పూర్తిగా లాగినా పలక సగమే మూసుకోవడం, లోపలికి నెట్టినా పూర్తిగా తెరుచుకోకపోవడం తరచు కనిపించే లోపం. మొదటిది స్టార్టు కానివ్వదు, రెండోది రోజంతా నల్లపొగ పోయిస్తుంది. నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పొడి వైరు తొడుగులోకి దూరి గట్టిపడతాయి. వైరు బయటికి తీసి, కిరసనాయిలుతో తుడిచి, పలచటి ఆయిలు పూసి పెడితే చాలు.

ఇంజను అంటుకున్నాక మన చలికి చోకు ఒకటి రెండు నిమిషాలే కావాలి. కొంచెం కొంచెంగా లోపలికి నెడుతూ, కిలోమీటరు దాటేలోపు పూర్తిగా మూయాలి. చోకు లాగి నిలబెట్టి అరగంట ఇంజను వేడి చేయడం కంటే, నెమ్మదిగా నడుపుతూ పోతేనే ఇంజను తొందరగా వేడెక్కుతుంది.

సెల్ఫ్ ఎలా తిరుగుతోంది

తెల్లవారుజామున కారు మొరాయిస్తే ముందు చెవి పెట్టి వినాలి. సెల్ఫ్ చురుకుగా తిరుగుతోందా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? ఈడిస్తే కార్బరేటరు జోలికే పోవద్దు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఆయిలు చిక్కబడుతుంది, రెండూ ఒకేసారి జరుగుతాయి. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టాలి. దీపం పూర్తిగా మసకబారితే బ్యాటరీ డౌన్ అయిందనో, కొసలు వదులైనాయనో అర్థం. కొసల మీద తెల్లటి బూజు ఉంటే వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, వ్యాజిలైన్ పూయాలి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు పోయే ఎర్తు పట్టీని ఎవరూ చూడరు. తుప్పు పట్టిన ఆ పట్టీ కారణంగా కొత్త బ్యాటరీలు కొన్న ఇళ్లున్నాయి.

సెల్ఫ్ ఈడ్చేటప్పుడు ఇంకో నష్టముంది. ఉన్న కరెంటంతా సెల్ఫ్ తాగేస్తే కాయిలుకు మిగిలేది తక్కువ, ప్లగ్గులో నిప్పురవ్వ బలహీనం. పట్టపగలు వేడిలో ఆ రవ్వ సరిపోతుంది, తెల్లవారుజామున చెమ్మపట్టిన మిశ్రమానికి సరిపోదు. అందుకే ఇలాంటి కారును రెండో గేరులో తోస్తే వెంటనే అంటుకుంటుంది. తోస్తే స్టార్టయ్యే కారుకు ముందు అనుమానించాల్సింది బ్యాటరీని, తర్వాత పాయింట్లను. కార్బరేటరు వంతు వాటి తర్వాతే.

పాత అంబాసిడర్లకు ముందు నుంచి తిప్పే హ్యాండిలు ఉంటుంది. దాన్ని వాడేవాళ్లు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోవాలి, చుట్టేసి పట్టుకోరాదు. కిందినుంచి పైకి లాగాలే తప్ప పైనుంచి కిందికి నొక్కరాదు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

సెల్ఫ్ చురుకుగా తిరుగుతూ కూడా అంటుకోకపోతే అప్పుడు రెండే ప్రశ్నలు. పెట్రోలు వస్తోందా, నిప్పు వస్తోందా? వారం పది రోజులు నిలిపిన కారులో కార్బరేటరు గిన్నెలోని పెట్రోలు ఆవిరై ఎండిపోతుంది. పంపుకు చేతిమీట ఉంటే నాలుగుసార్లు ఆడించి గిన్నె నింపవచ్చు. ఎయిర్ క్లీనరు తీసి, ఇంజను ఆపి ఉండగా, ఎక్సలేటరు మీటను చేత్తో తిప్పితే సన్నటి పెట్రోలు ధార చిమ్మడం కనిపించాలి. ఇది చూసేటప్పుడు నోట్లో బీడీ ఉండరాదని వేరే చెప్పాలా అంటే, చెప్పాలి.

నిప్పు సంగతికి వస్తే డిస్ట్రిబ్యూటరు మూత విప్పి లోపల తడిగుడ్డతో కాక పొడిగుడ్డతో తుడవాలి. పండుగకు కారు కడిగిన మరుసటి పొద్దున మొరాయించడానికి కారణం చాలాసార్లు ఈ మూతలో చేరిన చెమ్మే. పాయింట్లు నల్లబడి ఉంటే సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, సందును కారు పుస్తకంలోని కొలతకు పెట్టాలి. పాయింటు మడమ అరిగేకొద్దీ సందు తగ్గిపోతుంది. వేసవిలో ఆ లోటు బయటపడదు, చలిలో పడుతుంది.

చోకు లాగి పదేపదే సెల్ఫ్ కొడితే ఓవర్‌ఫ్లో అయి ప్లగ్గులు తడిసిపోతాయి. గుప్పున పెట్రోలు వాసన వస్తుంది. అప్పుడు చోకు పూర్తిగా మూసి, ఎక్సలేటరు అడుగుదాకా తొక్కిపట్టి, పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టాలి. అంటుకోకపోతే పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు ఆగలేకనే చాలా బ్యాటరీలు చచ్చిపోతున్నాయి.

తుమ్ము ఒక జబ్బు, పొగ ఒక జబ్బు

కార్బరేటరు నోట్లో "టప్ టప్" మని తుమ్మితే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. వెనక గొట్టంలో నల్లపొగ పోస్తే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఒకే మరను అటూ ఇటూ తిప్పడం వల్ల ఉన్న జబ్బు ముదురుతుంది. అనుమానముంటే ప్లగ్గు విప్పి చూడాలి. మసిలాంటి పొడి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం తెలుపు ఉంటే తక్కువ. జిడ్డు నలుపు ఉంటే రింగులు అరిగి ఆయిలు పైకి వస్తోంది, దానికి కార్బరేటరు బాధ్యత లేదు. లేత ఇటుకరంగు, బూడిదరంగు ఉంటే అంతా సవ్యం.

వేడెక్కాక బాగా నడుస్తూ, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తుమ్మి, స్లో స్పీడులో నిలవని కారుకు ముందు దొంగగాలి వెతకాలి. కార్బరేటరు కింది గ్యాస్కెట్ ఎండలకు ఎండి చిట్లుతుంది. మానిఫోల్డ్ బోల్టులు వదులవుతాయి. చీలిన రబ్బరు గొట్టాలు గాలి పీలుస్తాయి. ఇంజను నడుస్తుండగా అతుకుల చుట్టూ ఇంజనాయిలు చుక్కలు వేస్తూ పోతే, గాలి పీల్చే చోట చుక్క లోపలికి లాక్కుపోతుంది, ఇంజను చప్పుడు మారుతుంది. కొందరు ఇదే పరీక్ష పెట్రోలు చల్లి చేస్తారు. వేడి సైలెన్సరు గొట్టం పక్కన పెట్రోలు చల్లడం కారును తగలబెట్టుకోవడమే. చీలిక దొరికితే గ్యాస్కెట్ మార్చాలి. సబ్బు, ఎంసీల్ పూసి సరిపెడితే వారం కూడా ఆగదు.

స్లో స్పీడు జెట్టు మూసుకుపోవడం ఇంకో కారణం. జెట్టు మీద 120 అని ఉంటే దాని రంధ్రం సుమారు 1.20 మిల్లీమీటర్లు. స్లో జెట్టు అంతకంటే చాలా సన్నం. దాంట్లో ఉక్కు తీగ, సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై ఆ కార్బరేటరు జన్మలో సరికాదు. ఊరికి దగ్గరున్న టైరు పంచరు అంగడిలో గాలి కొట్టిస్తే చాలు, లేదా సైకిలు పంపు ఉన్నా సరిపోతుంది.

కొత్త పెట్రోలుతో కొత్త చిక్కు

ఈ పాత జబ్బుకు ఈ మధ్య ఒక కొత్త తోడు వచ్చింది. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఇథనాల్‌ను ఇరవై శాతం కలిపిన పెట్రోలు అమ్మకం దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2025 నాటికి ఆ ఇరవై శాతం లక్ష్యం చేరినట్టు కేంద్రం ప్రకటించింది. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉన్నందున దానికి గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ కావాలి. కొత్త కార్లలో కంప్యూటరు ఆ తేడా గమనించి సర్దుకుంటుంది. కార్బరేటరుకు ఆ తెలివి లేదు. యాభై ఏళ్ల కిందట స్వచ్ఛమైన పెట్రోలుకు లెక్కేసి తొలిచిన రంధ్రం గుండా అంతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం ఏడెనిమిది శాతం పలచన. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి కోరుతుంది. చలిపొద్దున ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? ఇదివరకు చోకు లేకున్నా స్టార్టైన కార్లు ఇప్పుడు మొరాయించడానికి ఇదొక కారణం.

స్లో స్పీడు మిశ్రమం మరను వేడి ఇంజను మీద కొంచెం కొంచెంగా విప్పి, చప్పుడు నిండుగా వచ్చేచోట ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. పెద్ద జెట్టు మార్చడం మాత్రం తెలిసిన మేస్త్రీ పనే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పును కదిలిస్తుంది. పెట్రోలు పంపు లోపలి పొర, గొట్టాలు, గిన్నె అడుగు ఏడాదికోసారైనా చూడాలి. నెలల తరబడి నిలిపే కారులో ట్యాంకు నిండా పెట్రోలు ఉంచి మరిచిపోవడం, అంగళ్లలో సీసాల్లో నిలవున్న పెట్రోలు పోసుకోవడం రెండూ తంటాలే.

చేయకూడని పనులు

కారు అంటుకోనప్పుడు ఎయిర్ క్లీనరు తీసి, సీసాతో కార్బరేటరు నోట్లో పెట్రోలు పోస్తూ ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించడం మన వైపు మామూలైపోయింది. ఇంజను ఒక్క తుమ్ము వెనక్కి తుమ్మితే మంట నేరుగా సీసాకు, సీసా పట్టినవాడి ముఖానికి వస్తుంది. గిన్నె నింపాలంటే పంపు చేతిమీట ఉండనే ఉంది.

ఇంకోటి పొగ. చలికని కొట్టం తలుపులు మూసి లోపలే ఇంజను వేడి చేయరాదు. చోకు మీద నడిచే ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగు, వాసన లేవు. తల తిరిగినట్టు ఉందని లేచేలోపు మనిషి పడిపోతాడు. గొడ్లు, పిల్లలు పడుకునే వసారా పక్కన పెట్టి నడపడం కూడా అంతే ప్రమాదం.

ఇక వేసవి సంగతి. ఇవన్నీ తిరిగి పెడితే మళ్లీ ఎండల్లో మరగదా అన్నది యజమానుల న్యాయమైన ప్రశ్న. సరిగా తెరుచుకునే థర్మోస్టాట్ కారును మరిగించదు. మరిగించేది బోరునీళ్ల ఉప్పు గడ్డకట్టిన రేడియేటరు, వదులైన ఫ్యాను బెల్టు, పట్టు పోయిన రేడియేటరు మూత. సీమ బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లే ఏళ్ల తరబడి పోస్తుంటే రేడియేటరు సన్నగొట్టాలు పూడిపోతాయి. ఉగాదికి ముందు రేడియేటరును తలకిందుల దారిలో నీళ్లు పట్టి కడిగించి, వాననీళ్లో, బ్యాటరీకి పోసే శుద్ధినీళ్లో కూలెంటుతో కలిపి పోస్తే, పెట్రోలు పంపుకు, సైలెన్సరు గొట్టానికి మధ్య ఒక రేకు అడ్డం పెట్టిస్తే వేసవి గడుస్తుంది. థర్మోస్టాట్ జోలికి పోవాల్సిన పని ఉండదు.

అప్పుడెప్పుడో మేస్త్రీ పీకి చేతికిచ్చిన థర్మోస్టాట్ చాలా ఇళ్లలో పానాల పెట్టె అడుగున ఇంకా పడి ఉంటుంది. దాన్ని తిరిగి బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు మరిగేలోపే మూత పావు అంగుళం తెరుచుకుని, చల్లారాక మళ్లీ బిగుతుగా మూసుకుంటే పనికొస్తుంది. తుప్పుపట్టి అలాగే నిలిచిపోతే కొత్తది కొనాలి.